అంకుడు చెట్టును గుర్తుపట్టడం ఎట్లా?



ఈవేళ నేను వరిని గురించి గాని, వేరుశనగను గురించి గాని చెప్పబోవడం లేదు. ఎరువుల మోతాదులూ చెప్పను. ఒక చిన్న చెట్టును గురించి చెబుతాను. మీ ఊరి కొండవాలులోనో, బంజరులోనో, పొలం గట్టు మీదనో అది ఉండే ఉంటుంది. మీరు దాని పక్కనుంచి రోజూ నడిచి పోతూనే ఉంటారు. ఐతే, అదేనా కాదా అని నిలబెట్టి అడిగితే పదిమందిలో ఎంతమంది గట్టిగా చెప్పగలరు? నేనే ఒకప్పుడు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడమే గాక, తెలుసునని అనుకొని తప్పు చేశాను. ఆ తప్పు సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఎందుకంటే మీకు పనికివచ్చేది అదే.

ఆ చెట్టు పేరు అంకుడు. శాస్త్రజ్ఞులు దీన్ని రైటియా టింక్టోరియా అంటారు. గన్నేరు కుటుంబానికి చెందినది. మన తూర్పు కనుమల ఎండుటడవులలో మద్ది, చిరుమాను వంటి పెద్ద చెట్ల కింద, వాటి నీడకు ఓర్చుకొని పెరిగే చిన్న చెట్టు. సాధారణంగా ముప్పై అడుగుల లోపే ఉంటుంది. గొడ్డళ్ళు పడిన చోట, మేకలు తిరిగే చోట పొదలాగానే నిలిచిపోతుంది. రాళ్ళ నేలలోనూ గరప నేలలోనూ బతుకుతుంది. వేసవికి ముందు ఆకు రాల్చి, మళ్ళీ చిగిర్చి, చిగురుతోపాటే పూస్తుంది.

దీని గొప్ప ఏమిటి?

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరున్నది. 2022కు ముందు అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అక్కడి లక్కబొమ్మలు మీరందరూ చూసినవే. కుంకుమ భరిణెలు, బొంగరాలు, పిల్లల గిలకలు, చిట్టి బండ్లు. ఆ బొమ్మలకు మూలం ఈ అంకుడు కర్రే. తెల్లగా, తేలికగా, సన్నని పోగుతో ఉంటుంది. తరిమెన మీద, అంటే ఇప్పుడు అందరూ లేతు మిషను అంటున్నదాని మీద ఎక్కించి ఉలి ఆనిస్తే వెన్నలాగా తెగుతుంది, చిట్లదు. తిరుగుతున్న కర్రకు లక్క కణిక ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టి నిగనిగలాడుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆకులు, బెరడులు, గింజల నుండి తీసిన రంగులను ఈ పనిలోకి మళ్ళీ తెచ్చిన ఏటికొప్పాక వాసి సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు కూడా తరతరాలుగా వాడుతూ వచ్చినది ఈ కర్రే.

బొమ్మలన్నీ ఒకే కర్రతో చేస్తారని మాత్రం అనుకోవద్దు. కొండపల్లి బొమ్మలకు, నిర్మల్ బొమ్మలకు వాడేది పొణికి కర్ర. అది వేరు చెట్టు. ఏటికొప్పాకకు కావలసింది అంకుడు.

మరి ఈ అంకుడు కొండల మీద తరిగిపోతున్నదని అక్కడి పనివారు కొన్నేళ్ళుగా మొర పెట్టుకొంటున్నారు. అడవి మీదనే ఆధారపడితే ఎల్లకాలం సాగదు. రైతు తన గట్ల మీద, సేద్యానికి పనికిరాని చెలక మూలల్లో నాలుగు చెట్లు పెంచితే వారికి కర్ర దొరుకుతుంది, రైతుకు నాలుగు డబ్బులు వస్తాయి. ఇంతవరకు అందరూ ఒప్పుకొనే మాటే. చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, నాటేది అంకుడేనా అన్న దగ్గర.

పేరును నమ్మి మోసపోవద్దు

మనవాళ్ళు పాలు కారే చెట్టు కనిపిస్తే చాలు, దానికి పాల అని పేరు పెట్టేశారు. ఏడాకులపాల ఉన్నది. పండ్లు తినే పాలచెట్టు ఉన్నది. కొడిశపాల ఉన్నది. అంకుడును కొన్ని చోట్ల తెడ్లపాల అంటారు, కొన్ని చోట్ల పాలకొడిశ అంటారు. ఒక ఊళ్ళో పాలకొడిశ అంటే అంకుడు. పక్క ఊళ్ళో అదే మాట అంటే కొడిశ. ఇద్దరూ నిజమే చెబుతారు. వినేవాడే పొరపడతాడు.

ఇంకొక తమాషా. అంకుడు అంటే కుంకుడు అని విని కుంకుడు విత్తనాలు తెచ్చినవారిని చూశాను. అంకోలం అనుకొని ఊడుగ చెట్టును చూపినవారినీ చూశాను. ఊడుగ కొమ్మ విరిస్తే పాలే కారవు. ఈ తప్పులు వెంటనే బయటపడతాయి కనుక నష్టం లేదు.

ఏడాకులపాలను పోల్చుకోవడమూ తేలికే. దాని ఆకులు ఒక్కొక్క కణుపు దగ్గర నాలుగు నుంచి ఏడు దాకా గొడుగు పుల్లల్లాగా చుట్టూ ఉంటాయి. పండ్ల పాలచెట్టు ఆకులు ఒకటి విడిచి ఒకటిగా వచ్చి, కొమ్మ కొసన గుత్తిగా చేరతాయి. అంకుడు ఆకులు అట్లా కాదు. ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు, ఎదురెదురుగా ఉంటాయి. కాబట్టి మొదటి పరీక్ష ఇది: కొమ్మ విరిస్తే పాలు రావలెను, ఆకులు జంటగా ఎదురెదురుగా ఉండవలెను. ఈ రెండూ లేకుంటే అది అంకుడు కాదు.

కాని ఈ రెండూ ఉన్నంత మాత్రాన అంకుడు అయిపోదు. ఎందుకంటే కొడిశకూ ఈ రెండూ ఉన్నవి. నేను బోల్తా పడ్డది ఇక్కడే.

నా తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్త. డిప్లొమా చదివి వచ్చానన్న ధీమా. నా పరిధిలోని ఒక ఊళ్ళో ఒక పెద్దాయన, మూడెకరాల మెట్ట రైతు, గట్ల మీద అంకుడు వేస్తానన్నాడు. బొమ్మల పనివారు కొంటారని ఎవరో చెప్పారట. "మొక్కలు నేను పెంచి ఇస్తాను తాతా" అన్నాను. మాఘమాసంలో కొండ దగ్గరకు పోయాను. ఆకు రాలిన చెట్లకు జంట జంటలుగా సన్నటి పొడుగాటి ఎండు కాయలు వేలాడుతున్నవి. మేకలు కాసే కుర్రవాణ్ణి, "ఇదేం చెట్టురా?" అంటే "పాలకొడిశండి" అన్నాడు. అంకుడును పాలకొడిశ అంటారని నేను చదివి ఉన్నాను. సంతోషంగా కాయలు కోసుకొని వచ్చాను. గింజలు బాగా మొలిచినవి. తొలకరికి అరవై మొక్కలు ఆ పెద్దాయనకు ఇచ్చాను. ఆయన ముళ్ళకంప కట్టి, వేసవిలో కుండతో నీళ్ళు పోసి బతికించాడు.

మూడో ఏడు మొక్కలు పూతకు వచ్చినవి. చూసి పోదామని ఒక బొమ్మల పనివాడు వచ్చాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన గట్టు మీద నడుస్తూ ఒక కొమ్మ వంచి, పువ్వును వేళ్ళతో విప్పి చూసి, మరో చెట్టు దగ్గర అట్లాగే చూసి, నావైపు తిరిగి, "బాబూ, ఇది మా కర్ర కాదండి. కొడిశండి ఇది" అన్నాడు.

పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "మీరు చెప్పారని నాటాను బాబూ" అన్నాడు. అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. కొడిశ కర్ర పనికిరానిదని కాదు. అదీ తెల్లని కర్రే, దానితోనూ చిన్న చిన్న వస్తువులు చేస్తారు. కాని ఆయన నాటింది దానికోసం కాదు. కొనవలసినవాడు కొనను అన్నాడు. మూడేళ్ళ కాలం ఎవరు తిరిగి ఇస్తారు?

ఆనాడు ఆ పనివాడు గట్టు మీద కూర్చొని, ఓపికగా నాకు చెప్పినదీ, తరువాత నేను పుస్తకాలతో సరిచూసుకొన్నదీ కలిపి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆకు

అంకుడు ఆకు పలచన. మూడు నుంచి ఆరంగుళాల పొడవు, రెండంగుళాల చిల్లర వెడల్పు. కొస సన్నగా సాగి మొనదేలి ఉంటుంది. కొడిశ ఆకు సాధారణంగా ఇంతకంటే పెద్దది, వెడల్పైనది. తొమ్మిదంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు దాకా పోతుంది. తొడిమ ఉన్నదా లేదా అన్నట్టు పొట్టిగా ఉంటుంది. పక్క ఈనెలు ఎక్కువగా, స్పష్టంగా కనిపిస్తాయి.

ఐతే ఒక హెచ్చరిక. నీడలో పెరిగిన ఆకు పెద్దదవుతుంది, ఎండలో పెరిగినది చిన్నదవుతుంది. నరికిన మోడు నుంచి వచ్చిన కొత్త పిలక ఆకులు మరీ పెద్దవిగా ఉంటాయి. కనుక ఆకును బట్టి అనుమానించవచ్చును గాని తీర్పు చెప్పరాదు. బెరడూ అంతే. ముదిరిన కొడిశ బెరడు గరుకుగా, పెచ్చులు లేచి ఉంటుంది, అంకుడు బెరడు కొంచెం నునుపు. లేత చెట్లలో ఈ తేడా తెలియదు.

పువ్వు

తీర్పు చెప్పేది పువ్వు. చైత్రం, వైశాఖం నాటికి అంకుడు చిగిర్చి పూస్తుంది. కొమ్మల కొసన గుత్తులుగా, తెల్లగా, మంచి వాసనతో, అయిదు రేకులతో ఉంటుంది. ఒక పువ్వు కోసి ముఖం దగ్గర పెట్టుకొని చూడండి. రేకులు కలిసే గొంతు దగ్గర తెల్లని కుచ్చు, చీర కొంగు పోగుల్లాగా చీలి చీలి ఉంటుంది. ఆ కుచ్చు నడుమ నుంచి కేసరాలు అయిదూ ఒకటిగా కూడి, మొనదేలిన చిన్న గోపురంలాగా పైకి పొడుచుకొని వస్తాయి.

కొడిశ పువ్వు కూడా తెల్లనిదే, వాసన గలదే, అయిదు రేకులదే. గిరిమల్లిక అన్న పేరు దానికి ఊరికే రాలేదు. సంస్కృతంలో కుటజం అంటారు. మేఘసందేశంలో యక్షుడు ఆషాఢమేఘానికి అర్పించినవి ఈ పువ్వులే. అంటే తొలకరి దాకా పూస్తుందన్నమాట. కాని ఈ పువ్వు గొంతులో కుచ్చు ఉండదు. రేకుల కింద సన్నని పొడుగాటి గొట్టం ఉంటుంది. కేసరాలు ఆ గొట్టం లోపలే దాగి ఉంటాయి, బయటికి ఏమీ పొడుచుకొని రాదు. ఆ బొమ్మల పనివాడు రెండు వేళ్ళతో విప్పి చూసింది ఇదే. కుచ్చు ఉంటే అంకుడు, కుచ్చు లేకుంటే కొడిశ. ఇంతకంటే తేలిక గుర్తు లేదు.

కాయ

రెండింటి కాయలూ జంటలే. రెండూ జానెడు నుంచి మూరెడు పొడవు. రెండూ పెన్సిలు మందమే. కనుక పొడవును చూసి లాభం లేదు. పచ్చికాయ కొసలను చూడవలెను. అంకుడు జంటకాయలు తొడిమ దగ్గర కలిసి, మధ్యలో విల్లులాగా ఎడమై, చివర కొసలు రెండూ మళ్ళీ అతుక్కొని ఉంటాయి. చేతులు రెండూ చాచి వేళ్ళ కొసలు కలిపినట్టుగా. కొడిశ కాయలు తొడిమ దగ్గర కలిసినా కొసలు కలవవు, రెండు కర్రల్లాగా విడివిడిగా వేలాడుతాయి.

మరి నేను ఎందుకు పోల్చుకోలేదు? నేను పోయింది మాఘంలో. అప్పటికి కాయలు ఎండిపోయినవి. అంకుడు కాయ కూడా ఎండేవేళ కొసలు విడిపోతుంది. అప్పుడు రెండూ ఒకలాగానే కనిపిస్తాయి. పచ్చికాయల నాడు ఒక్కసారి పోయి చూసి ఉంటే ఆ పెద్దాయనకు మూడేళ్ళు మిగిలేవి.

ఎండుకాయల నాడు కూడా ఒక దారి ఉన్నది. కాయను విప్పితే సన్నని గింజలు, ఒక్కొక్క గింజకు ఒక చివర పట్టువంటి దూది కుచ్చు ఉంటుంది. అంకుడు గింజకు ఆ కుచ్చు కాయ తొడిమ వైపు ఉంటుంది, తెల్లగా ఉంటుంది. కొడిశ గింజకు కుచ్చు కాయ కొస వైపు ఉంటుంది, కొంచెం గోధుమ వన్నె. కాయను చెట్టునుంచి కోసేటప్పుడే తొడిమ ఏవైపో గుర్తుపెట్టుకొని, నెమ్మదిగా విప్పి చూడవలెను. గాలికి ఎగిరిపోయాక చూస్తే ఏ కొస ఏదో తెలియదు.

ఇంకొక దాయాది కూడా కొండల మీద అక్కడక్కడ కనిపిస్తుంది. అదీ అంకుడు జాతిదే. దాని ఆకు నిండా మెత్తని నూగు ఉంటుంది. జంటకాయలు కొసల దగ్గర మాత్రమే గాక నిలువునా అతుక్కుపోయి ఒకే లావుపాటి కాయలాగా, పైన తెల్లని చుక్కలతో గరుకుగా ఉంటాయి. అది కనిపిస్తే తడబడవద్దు.

కొబ్బరినూనె పరీక్ష

పూతా లేదు, కాతా లేదు, ఆకు మాత్రమే ఉన్నది. అప్పుడేం చేయాలి? దీనికొక ఇంటి పరీక్ష ఉన్నది. లేత కాకుండా, మరీ ముదురు కాకుండా పచ్చి ఆకులు నాలుగు కోసి, చేతితో తుంచి, గాజు సీసాలో కొబ్బరినూనెలో మునిగేటట్టు వేసి, కొన్ని రోజులు ఎండలో పెట్టండి. అంకుడు ఐతే నూనె ఊదారంగుకు తిరుగుతుంది. తమిళనాట దీన్ని వెట్పాలై అంటారు. అక్కడి సిద్ధవైద్యులు చర్మవ్యాధులకు చేసే నూనె ఇట్లా తయారైనదే.

ఈ రంగు ఎక్కడిది? అంకుడు ఆకులో నీలిమందు ఉన్నది. శాస్త్రీయ నామంలోని టింక్టోరియా అనే మాటకు రంగులద్దకానికి పనికివచ్చేదని అర్థం. పద్దెనిమిదో శతాబ్దం చివర మన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో ఈ చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీసే పద్ధతిని రాసి పెట్టాడు. అంటే మన గోదావరి గడ్డ మీద ఈ ఆకు రంగు తెలిసి రెండు వందల ఏళ్ళు దాటింది.

నూనె ఊదారంగుకు తిరిగితే మంచి గుర్తే. తిరగకపోతే మాత్రం వెంటనే కాదని తేల్చవద్దు. ఆకు వాడినదై ఉండవచ్చు, ఎండ చాలక ఉండవచ్చు. మరొకసారి తాజా ఆకుతో చేసి చూడండి.

నోట వేసుకొని చూడవద్దు

కొడిశ బెరడు, గింజ విపరీతమైన చేదు. అంకుడు గింజ అంత చేదుండదు. అందుకనే మూలికల అంగళ్ళలో ఒకటి చేదు ఇంద్రజవలనీ, ఒకటి తీపి ఇంద్రజవలనీ అంటారు. ఇది విని, రుచి చూసి తేల్చుకొందామని కొందరికి తోస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఈ చెట్లు గన్నేరు కుటుంబానివని మొదటనే చెప్పాను. గన్నేరు, పచ్చగన్నేరు ఎంత విషమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంకా పోల్చుకోని చెట్టు పాలను, గింజను నాలుక మీద పెట్టడం ప్రమాదం. కళ్ళతో చూడండి, చేతితో విప్పండి, నోటిని దూరంగా ఉంచండి. పాలు కంటిలో పడకుండా కూడా చూసుకోవలెను.

మందు సంగతి కూడా ఒక మాట. జిగట విరేచనాలకు ఆయుర్వేదంలో కుటజారిష్టం వంటివి కొడిశ బెరడుతో చేస్తారు. ఆ బెరడులో కొనెస్సిన్ అనే ద్రవ్యం ఉన్నది. ఐతే అంగట్లో కొడిశ బెరడు పేర అంకుడు బెరడు కలిసి రావడం ఉన్నదే. బెరడు ఒలిచి ఎండిన తరువాత పోల్చడం మనవల్ల కాదు. ఒక ఇంట్లో చంటిపిల్లకు విరేచనాలైతే కొండ నుంచి తెచ్చిన బెరడు కాచి పోశారు. రెండు రోజులు తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పిల్ల కళ్ళు లోతుకు పోయినవి. వేళకు సెలైను ఎక్కించారు కనుక బతికింది. తరువాత నేను పోయి ఆ చెట్టు చూశాను. అంకుడు. తల్లీ, నీ తప్పేమీ లేదు, పేరే అట్లాంటిది అని చెప్పాను. కాని మీరందరూ ఒకటి గుర్తుంచుకోండి. సరైన కొడిశే అయినా చంటిపిల్లలకు ఇంటి కషాయం పోసి కూర్చోవద్దు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.

తల్లిచెట్టును ముందుగా గుర్తుపెట్టండి

ఇక నాటడం సంగతి. నారు మొక్కగా ఉన్నప్పుడు అంకుడును, కొడిశను పోల్చడం అనుభవజ్ఞులకే కష్టం. కాబట్టి జాగ్రత్త మొక్క దగ్గర కాదు, తల్లిచెట్టు దగ్గర పడవలెను. నా పద్ధతి ఇప్పుడు ఇట్లా ఉన్నది.

పూతకాలంలో ఒకసారి చెట్టు దగ్గరకు పోతాను. పువ్వు గొంతులో కుచ్చు చూస్తాను. ఆ చెట్టు మొదలుకు రంగు గుడ్డ కడతాను. వానల తరువాత, పచ్చికాయల నాడు మళ్ళీ పోతాను. కొసలు అతుక్కొని ఉన్నవా అని చూస్తాను. రెండుసార్లూ సరిపోతేనే ఆ చెట్టు కాయలు కోస్తాను. కాయ పచ్చదనం పోయి గోధుమ వన్నెకు తిరిగి, ఇంకా పగలకముందే కోయవలెను. పగిలితే గింజలు దూదితో సహా గాలికి పోతాయి. కోసిన కాయలను గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి నీడలో ఆరబెడితే సంచిలోనే పగులుతాయి. దూది తీసివేసి, గింజను ఎక్కువకాలం నిల్వ ఉంచకుండా ఆ ఏడే పోయండి.

తొలకరికి మొక్కలు నాటవచ్చు. నీరు నిలిచే నేల పనికిరాదు. గట్టు మీద మొక్కకు మొక్కకు మూడు నాలుగు గజాలు ఎడం ఉంచండి. మేకలకు ఈ ఆకు ఇష్టం కనుక మొదటి రెండేళ్ళు ముళ్ళకంప తప్పదు.

కోయడంలోనూ ఒక తెలివి ఉన్నది. అంకుడును వేళ్ళతో పెకలించవద్దు. ఆకు రాలిన కాలంలో, నేలకు జానెడు ఎత్తున, వాన నీరు నిలవకుండా ఏటవాలుగా, పదునైన కత్తితో ఒక్క దెబ్బకు నరకవలెను. మోడు మళ్ళీ పిలకలు వేస్తుంది. వేళ్ళ నుంచి కూడా పిలకలు లేస్తాయి. అందులో నిటారుగా ఉన్న రెండు మూడింటిని ఉంచి తక్కినవి తీసివేయండి. ఒకసారి నాటిన చెట్టు నుంచి ఇట్లా మళ్ళీ మళ్ళీ కర్ర తీసుకోవచ్చు. నరికిన కర్రను పచ్చిగా కుప్ప వేసి వదిలితే తెల్లదనం చెడి మరకలు పడతాయి. బెరడు తీసి, నీడలో, గాలి ఆడేటట్టు ఎడంగా పేర్చి ఆరబెట్టవలెను.

రిజర్వు అడవిలో చెట్టు మీద కత్తి పెట్టరాదని వేరే చెప్పనక్కరలేదు. సొంత పట్టా భూమిలోని చెట్టు ఐనా 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది కనుక, నరికేముందు ఫారెస్టు వారిని ఒకమాట అడగండి.

మరొక్కసారి

చెప్పినదంతా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, గుర్తుంచుకోండి.

ఒకటి: కొమ్మ విరిస్తే పాలు, ఆకులు ఎదురెదురు. ఇవి లేకుంటే అంకుడు కాదు.

రెండు: పువ్వు గొంతులో కుచ్చు, నడుమ గోపురంలాగా పొడుచుకొని వచ్చిన కేసరాలు ఉంటే అంకుడు. బోడి గొంతు, పొడుగు గొట్టం ఐతే కొడిశ.

మూడు: పచ్చి జంటకాయల కొసలు అతుక్కొని ఉంటే అంకుడు. విడిగా ఉంటే కొడిశ.

నాలుగు: ఎండుకాయ ఐతే గింజ కుచ్చు చూడండి. తొడిమ వైపుంటే అంకుడు, కొస వైపుంటే కొడిశ.

అయిదు: ఆకు మాత్రమే ఉంటే కొబ్బరినూనెలో వేసి ఎండలో పెట్టండి.

వీటిలో ఒక్క గుర్తుతో తృప్తిపడవద్దు. కనీసం రెండు కలవవలెను.

నా తోటి వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. రైతు మన మాట నమ్మి నేల ఇస్తాడు, నీళ్ళు ఇస్తాడు, ఏళ్ళు ఇస్తాడు. పైరు తప్పితే ఒక పంటతో పోతుంది. చెట్టు తప్పితే ఆ తప్పు గట్టు మీద నిలబడి మనల్ని చూస్తూనే ఉంటుంది. తెలియని చెట్టును తెలియదనడంలో చిన్నతనమేమీ లేదు. కొండ దగ్గర మేకలు కాసేవాణ్ణి అడగండి, పేరు రాసుకోండి, కాని పేరుతో ఆగిపోవద్దు. పువ్వు విప్పి చూడండి.

ఆ పెద్దాయన సంగతి ఏమైందని మీరు అడుగుతారు. కొడిశ చెట్లను ఆయన కొట్టివేయలేదు. ఉండనీ బాబూ, నీడకు పనికివస్తాయి అన్నాడు. మరుసటి ఏడు గుడ్డ కట్టిన చెట్టు నుంచి కాయలు కోసి, మొక్కలు పెంచి, నేనే తీసుకుపోయి రెండో గట్టు మీద ఆయనతో కలిసి నాటాను. పోయిన వైశాఖంలో అవి పూసినవి. ఆయన ఒక పువ్వు కోసి, నాకంటే ముందే విప్పి చూసి, "కుచ్చు ఉన్నది బాబూ" అన్నాడు.

మీ గట్టు మీది చెట్టును ఈ పూతకాలంలో ఒకసారి విప్పి చూడండి.